కోర్టు కాగితం చేతికొచ్చిందా? బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇరవై ఎనిమిదేళ్లు ప్లీడరు గుమస్తాగా పనిచేశాను. ఇప్పుడు బెజవాడలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రం నడకకు బయలుదేరితే ఎవరో ఒకరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి "బాబాయ్, ఒకసారి ఇది చూడండి" అంటారు. అలా అడిగినవే ఇక్కడ రాశాను. నేను న్యాయవాదిని కాను. మీ కేసు సంగతి తేల్చేది మీ కాగితాలు చదివిన న్యాయవాదే. ఆయన దగ్గరకు ఏ ప్రశ్నలతో వెళ్లాలో మాత్రం నేను చెప్పగలను.

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. తీసుకోకుండా తిప్పి పంపితే కేసు ఆగిపోతుందా?

ఆగదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయిన ఇళ్లు, పొలాలు నా కళ్లతో చూశాను. కోర్టు కాగితాలు అందించే అమీనా వచ్చినప్పుడు తలుపు వేసుకుంటే ఆ కాగితం తలుపుకే అంటించి వెళ్తాడు. పోస్టులో వచ్చినదాన్ని వద్దంటే "తిరస్కరించారు" అని రాసి వెనక్కి పంపుతారు. రెండు సందర్భాల్లోనూ సమన్లు అందినట్టే కోర్టు లెక్కవేసుకోవచ్చు. నష్టం మీకే, ఎందుకంటే దావా కాపీలో ఏముందో మీకు తెలియకుండా పోతుంది.

మా ప్లీడరుగారి దగ్గరకు ఒకావిడ వచ్చింది. ఆమె భర్త సమన్లను దేవుడి పటం వెనక దాచిపెట్టాడు. పండక్కి పటం తుడుస్తుంటే కింద పడింది. మడతల దగ్గర పసుపు మరకలు, పైన వాయిదా తేదీ. ఆ తేదీ దాటి ఏడు నెలలు. అప్పటికే ఎక్స్‌పార్టే డిక్రీ అయిపోయింది. అంటే ప్రతివాది రాలేదు కాబట్టి వాది మాట మాత్రమే విని తీర్పు ఇచ్చారన్నమాట.

సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో మీ జవాబు వేయాలి. సరైన కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. ఎక్స్‌పార్టే డిక్రీ అయినా దారి మూసుకుపోలేదు. దాన్ని రద్దు చేయమని 30 రోజుల్లో పిటిషన్ వేసుకోవచ్చు. సమన్లు నిజంగానే సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్క. పటం వెనక దాచిపెట్టిన మనిషి "అందలేదు" అని ప్రమాణం చేయలేడు కదా.

మా కేసు ఏ కోర్టుకు వెళ్తుంది? మెట్లు ఎన్ని?

కింది మెట్టు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. పాతవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అంటారు. దాని పైన సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, అంటే సబ్ కోర్టు. ఆ పైన జిల్లా కోర్టు. మీ ఆస్తి లేదా బాకీ విలువను బట్టి దావా ఏ మెట్టు మీద మొదలవుతుందో తేలుతుంది. క్రిమినల్ వైపు మేజిస్ట్రేటు, ఆ పైన సెషన్స్ కోర్టు. జిల్లా జడ్జే సెషన్స్ జడ్జిగా కూడా కూర్చుంటారు. బెజవాడలో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు కోర్టులు ఉండేవి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఆ హోదా లేదు. కాబట్టి పాత కాగితంలో ఒక పేరు, కొత్త కాగితంలో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి.

జిల్లాల విషయంలో ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం అయింది. గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. కలెక్టరాఫీసులు మారినంత చప్పున కోర్టుల పరిధి మారలేదు. కొత్త జిల్లా వచ్చాక కూడా బెజవాడ వాళ్లకు ప్రధాన జిల్లా జడ్జి మచిలీపట్నంలోనే ఉన్నారు. జిల్లా పేరు చూసి బస్సెక్కవద్దు. సమన్ల మీద కోర్టు పేరు, ఊరు రెండూ చదివి బయలుదేరండి. బెజవాడలో 2022 ఆగస్టులో పెద్ద కోర్టు భవనం ప్రారంభమైంది. అందులో కూడా అంతస్తు అడిగి తెలుసుకోకపోతే, మీరు ఒక హాలు ముందు కూర్చుని ఉండగా పక్క హాల్లో మీ పేరు పిలిచేస్తారు.

హైకోర్టు అంటే హైదరాబాదు వెళ్లాలా?

ఇంకా ఈ మాట అడిగేవాళ్లు ఉన్నారు. అక్కర్లేదు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఉంది. మొదట కొన్ని వారాలు విజయవాడలో నడిచి, తర్వాత అమరావతిలోని నేలపాడుకు మారింది. గుంటూరు వాళ్లు తాడికొండ, తుళ్లూరు మీదుగా వెళ్తారు. బెజవాడ వాళ్లు బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు నుంచి వెళ్తారు.

గుంటూరు వాణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. 1954 జులై 5న అది మా ఊళ్లో మొదలైంది. తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత ఆయన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. 1956లో హైకోర్టు హైదరాబాదుకు తరలిపోయింది. మా ప్లీడరుగారి తండ్రి ఆ రెండేళ్ల ముచ్చట జీవితాంతం చెప్పుకున్నారు.

హైకోర్టులో మామూలు అప్పీళ్లే కాకుండా రిట్లు కూడా వేస్తారు. ప్రభుత్వ కార్యాలయం మీ హక్కును తొక్కేసిందనుకుంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. అన్నదమ్ముల గట్టు తగాదాకు మాత్రం రిట్ పనికిరాదు. ఆ పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు. అక్కడ కేసు దాఖలు చేసే అర్హత ఉన్న న్యాయవాదులు వేరే ఉంటారు. మన ఊరి లాయరుగారు ఎంత పెద్దవారైనా వాళ్లలో ఒకరి ద్వారానే దాఖలు చేయాలి.

లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ప్రభుత్వం ఇస్తుందా?

ఇస్తుంది. అది మీరు అడిగి తీసుకోవలసిన హక్కు. ఉచిత న్యాయ సహాయం గురించి రాజ్యాంగంలో 39ఏ అధికరణ ఉంది. దాని వెంట 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న.

చాలామందికి తెలియనిది ఏమిటంటే, మహిళ అయితే ఆదాయంతో పనిలేదు. భర్త ఉద్యోగస్తుడైనా, ఆమె పేరున ఇల్లు ఉన్నా, కేసు ఆమెది అయితే ఉచిత న్యాయవాదిని అడగవచ్చు. పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, మనుషుల అక్రమ రవాణాకు లేదా వెట్టికి గురైనవాళ్లకు, జైల్లో లేదా కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా ఆదాయ పరిమితి లేదు. మిగిలినవాళ్లకు మన రాష్ట్రంలో ఏడాది ఆదాయం 3 లక్షల రూపాయల లోపు ఉండాలి.

ఈ జాబితాలో వరద బాధితులు కూడా ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు దస్తావేజులు నానిపోయినవాళ్లు, బీమా డబ్బు కోసం తిరిగినవాళ్లు ఎందరో. వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు ఇద్దరే కనిపించారు.

ఎక్కడ, ఎలా అడగాలి?

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. చిన్న ఊళ్లలో, ఆ ఊరి కోర్టులోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. తెల్ల కాగితం మీద మీ పేరు, చిరునామా, గొడవ ఏమిటో నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. రాయడం రాకపోతే నోటితో చెప్పినా అక్కడివాళ్లు రాసుకోవాలి. ఆధార్, అర్హతకు సంబంధించిన పత్రం, కేసు కాగితాల జిరాక్సులు పట్టుకెళ్లండి. ముందు ఫోనులో అడగాలంటే 15100. ఉచితం.

అర్జీ ఒప్పుకుంటే న్యాయవాది ఫీజు ఒక్కటే కాదు, కోర్టు ఫీజు, టైపింగు, నకళ్ల ఖర్చు కూడా సంస్థే చూసుకుంటుంది. కాబట్టి ఆ న్యాయవాదిగానీ గుమస్తాగానీ మధ్యలో "ఖర్చులకు" అని చెయ్యి చాపితే ఇవ్వకండి. సంస్థ కార్యదర్శికి చెప్పండి. ఆయన కూడా జడ్జే.

ఉచిత లాయరు మనసుపెట్టి వాదిస్తాడా?

నిజం చెప్పాలంటే కొందరు వాదిస్తారు, కొందరు వాయిదాకు కూడా రారు. ఫీజు తీసుకున్నవాళ్లలోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు. నచ్చకపోతే కారణం రాసి ఇంకొకరిని అడగవచ్చు. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల కోసం చాలా జిల్లాల్లో ఇప్పుడు పూర్తికాలపు డిఫెన్స్ న్యాయవాదులను పెట్టారు. వాళ్లు ప్రైవేటు కేసులు తీసుకోరు. నా దృష్టిలో ఇది మంచి మార్పు.

మా వాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. ముందు ఏం చేయాలి?

గడియారం చూడండి. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఎందుకు అరెస్టు చేశారో అతనికి చెప్పాలి. బంధువులకో స్నేహితులకో కబురు పంపాలి. విచారణ సాగుతున్నంతసేపూ న్యాయవాది పక్కన కూర్చోవడం కుదరకపోయినా, మధ్యలో కలిసే హక్కు ఉంది. అసాధారణ పరిస్థితి ఉండి, మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయకూడదు.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. నోటీసు ఇచ్చి పిలిపించవచ్చు. ఆ నోటీసు ప్రకారం హాజరవుతూ ఉంటే మామూలుగా అరెస్టు చేయకూడదు. అందుకే నోటీసు వచ్చిందని ఊరు వదిలి పారిపోకండి. పారిపోవడమే అరెస్టుకు కారణం అవుతుంది.

రిమాండ్ రోజున మేజిస్ట్రేటు "లాయరు ఉన్నారా?" అని అడుగుతారు. లేరని గట్టిగా చెప్పాలి. భయంతో తలూపేవాళ్లే ఎక్కువ. లేరంటే అక్కడే ఉచిత న్యాయవాదిని ఇస్తారు. బెయిలు వచ్చినా జామీనుదారులు దొరక్క జైల్లోనే ఉండిపోయేవాళ్లు ఉన్నారు. ఇంటి పన్ను రసీదు ఉన్న ఇద్దరు బంధువులను ముందే మాట్లాడి పెట్టుకోండి. పోలీసులు 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడగడం హక్కవుతుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాలకు ఆ గడువు 90 రోజులు. అడగాలి, అదే వచ్చి ఒళ్లో పడదు.

మేమే ఫిర్యాదు ఇవ్వబోతే స్టేషన్లో తీసుకోలేదు.

"మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు. నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని సంబంధిత స్టేషనుకు పంపాలి. కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి, బెజవాడలో అయితే పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపండి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

లాయరు ఫీజు ఎంత? మధ్యలో మార్చుకోవచ్చా?

ధరల పట్టిక ఏమీ లేదు. మాట్లాడుకోవడమే. ఎంత, ఏ దశకు ఎంత, కోర్టు ఫీజు అందులో కలిసిందా లేదా అన్నవి మొదటి రోజే అడగండి, రసీదు తీసుకోండి. అడిగితే కోపం వస్తుందేమో అని మొహమాటపడతారు. డాక్టరు దగ్గర కూడా అంత మొహమాటం చూడలేదు నేను. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా అనే ఒప్పందం మాత్రం న్యాయవాదుల నియమాల ప్రకారం చెల్లదు.

మార్చుకోవచ్చు. పాత న్యాయవాది అభ్యంతరం లేదని వకాల్తా మీద, అంటే న్యాయవాదిని పెట్టుకున్నట్టు మీరిచ్చే పత్రం మీద, రాసిస్తారు. ఇవ్వకపోతే కోర్టు అనుమతితో మారవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు ఆపేసుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఖాళీ కాగితాల మీద మాత్రం ఎవరికీ, ఎంత నమ్మకస్తులకైనా సంతకం పెట్టకండి. వకాల్తా మీద పెట్టేముందు కూడా కేసు నంబరు, పేర్లు నింపించి చదవండి.

నోటు రాయించుకుని అప్పు ఇచ్చాను. ఎన్నాళ్లు ఆగవచ్చు?

మన రెండు ఊళ్లలోనూ సగం దావాలు ఈ నోట్ల మీదే నడుస్తాయేమో అనిపిస్తుంది. మిర్చి యార్డు బాకీ దగ్గర్నుంచి పెళ్లి ఖర్చు దాకా అన్నిటికీ ప్రామిసరీ నోటే. రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. ఆ లోపు అప్పు తీసుకున్నవాడు కొంత చెల్లించి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి.

ఇక్కడే అసలు గొడవలన్నీ. అప్పు ఇచ్చిన ఒక రైతు తెచ్చిన నోటు నాకు ఇంకా గుర్తుంది. ముందు వైపు రెవెన్యూ స్టాంపు మీద చక్కటి సంతకం. వెనక వైపు "రూ. 2,000 ముట్టినది" అని రైతు చేతిరాతే ఉంది, రైతు సంతకమే ఉంది. బాకీ డబ్బు ముట్టినవాడే రాసుకుంటే అది చెల్లు కాదు. బాకీ తీర్చేవాడు రాయాలి, లేదా వాడి సంతకం అయినా ఉండాలి. గడువు దాటి ఇరవై రోజులు. ప్లీడరుగారు ఆ నోటును రెండుసార్లు తిప్పి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అలా పెట్టారంటే అర్థం నాకు తెలుసు.

చెక్కు తిరిగొస్తే తేదీలు ఇంకా బిగుతు. బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక అవతలివాడికి 15 రోజులు సమయం. ఇవ్వకపోతే ఆ తర్వాతి నెల రోజుల్లో ఫిర్యాదు. మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కోర్టులో వేయాలి.

లోక్ అదాలత్‌కు వెళ్తే మోసపోతామా?

రాజీ కుదిరితేనే అక్కడ తీర్పు. ఇష్టం లేకపోతే లేచి వచ్చేయవచ్చు, కేసు మామూలు కోర్టులోనే సాగుతుంది. కానీ సంతకం పెట్టాక అప్పీలు లేదు. కోర్టులో వేసిన కేసు అక్కడ తెగితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. మోటారు ప్రమాదాలు, చెక్కులు, బ్యాంకు బాకీలకు బాగా పనికొస్తుంది. విడాకులు, రాజీకి వీల్లేని నేరాలు అక్కడ తేలవు. రాజీపత్రం చదివి వినిపించమని అడగండి. శనివారం మధ్యాహ్నం రద్దీలో ఎవరూ తమంతట తాము చదివి వినిపించరు.

లాయరు లేకుండా నా కేసు నేనే చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు. మీ తరఫున మీ అన్నయ్య మాట్లాడాలంటే మాత్రం కోర్టు అనుమతి కావాలి. పెద్ద దావాల్లో ఈ సాహసం చేయవద్దని నా సలహా. కొన్ని చోట్ల లాయరు లేకపోయినా ఇబ్బంది లేదు. వినియోగదారుల కమిషన్ అలాంటిది. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు 2 ఏళ్లు. తల్లిదండ్రులను పిల్లలు చూడకపోతే 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ ఇస్తే చాలు. పిల్లలకు ఆస్తి రాసిచ్చేటప్పుడు "మమ్మల్ని పోషించాలి" అన్న షరతు దస్తావేజులో రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం ఉంటే, తర్వాత రద్దు కోరడానికి బలమైన ఆధారం అవుతుంది.

వాయిదా ఎప్పుడో గుమస్తాను అడిగితేనే తెలుస్తుందా?

ఒకప్పుడు అంతే, మా గౌరవం కూడా అందులోనే ఉండేది. ఇప్పుడు ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలున్న సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. మనవి ఏపీ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా, కిందటి వాయిదాలో ఏం జరిగిందీ కనిపిస్తాయి.

కోర్టులో తెలుగులో మాట్లాడవచ్చా?

కింది కోర్టుల్లో నిరభ్యంతరంగా. జడ్జిగారిని "అయ్యా" అన్నా, "అమ్మా" అన్నా చాలు. హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో వ్యవహారం ఇంగ్లీషులో ఉంటుంది. క్రాస్ పరీక్షలో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, ప్రశ్న అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి. తెలియనిది "తెలియదు" అనండి. ఊహించి చెప్పిన జవాబుతో కేసులు పాడైన సాక్షులను బోలెడంతమందిని చూశాను.

ఓడిపోతే?

అప్పీలు. సివిల్ కేసులో జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. తీర్పు నకలు తయారవడానికి పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి, తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి. ఉచిత న్యాయ సహాయం అప్పీలుకు కూడా ఉంది.

గెలిచాం. డబ్బు ఎప్పుడు వస్తుంది?

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు" అన్న సామెత ఇందుకే పుట్టి ఉంటుంది. డిక్రీ వచ్చాక అవతలివాడు కట్టకపోతే మీరు మళ్లీ అమలు పిటిషన్, అంటే ఇ.పి. వేయాలి. అప్పుడే జప్తులు, వేలం, జీతంలో కోత. పింఛను, చేతిపని చేసుకునేవాడి పనిముట్లు జప్తు చేయడానికి లేదు. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతోంది.

ఇ.పి. వేయడానికి 12 ఏళ్ల గడువు ఉంది. తెనాలి దగ్గరి ఒక పెద్దాయన డిక్రీని లామినేషన్ చేయించి, చట్రం కట్టించి, వసారాలో గోడకు తగిలించాడు. వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. పదమూడో ఏట దాన్ని సంచీలో పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, "ఇక వసూలు చేద్దామండీ" అన్నాడు.